ఫ్లెక్సీ కింద నీళ్లు, మీమ్ పెడితే కన్నీళ్లు

ప్రశ్న: సార్, మా చైతన్యపురిలో వాన పడితే మోకాళ్ల లోతు నీళ్లు, సరిగ్గా అక్కడే మా లీడర్ గారి బర్త్‌డే ఫ్లెక్సీ దండం పెడుతూ ఉంటే ఫోటో తీసి ‘స్విమ్మింగ్ పూల్ ప్రారంభోత్సవం’ అని మీమ్ పెట్టా, తెల్లారేసరికి పోస్ట్ లేపేశారు. కేసేమన్నా పెడతారా?
- ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: క్యాప్షన్ బాగుంది తమ్ముడూ, ముందు అది చెప్పాలి. ఇలాంటివి చాలాసార్లు లీడర్ల సోషల్ మీడియా టీమ్‌లో కూర్చున్న కుర్రాళ్లు వాట్సాప్ గ్రూప్‌లో లింక్ వేసి ‘అందరూ రిపోర్ట్ కొట్టండి’ అంటే జరుగుతాయి, అటు చూసేది కూడా ఒక్కోసారి మెషీనే, దానికి మన వెటకారం ఏం తెలుస్తుంది చెప్పు. నోటీసులో ఏ రూల్ కింద తీశారో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి అప్పీల్ కొట్టు. తేలకపోతే 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఆ సోషల్ మీడియా కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయి, ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు.

కేసు సంగతంటావా, చిరాకు తెప్పించిన పోస్టులకి కూడా లోపలేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పరువు నష్టం మాత్రం ఇంకా నేరమే, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 356 సెక్షన్ కింద. నీళ్లూ నిజమే, ఫ్లెక్సీ నిజమే కాబట్టి నీకు బలముంది, కానీ లీడర్ గారి గొంతు ఏఐతో చేసి అనని మాట అనిపించావనుకో, అప్పుడు నన్నడక్కు, లాయర్ని అడుగు.

నాకైతే, ఆ రిపోర్టులు కొట్టిన టైంలో నాలాలో పూడిక తీయిస్తే ఆయన ఇమేజ్‌కి అంతకన్నా పీఆర్ ఏముంటుంది అనిపిస్తుంది. ఇంతకీ ఫ్లెక్సీ ఉందా, తీశారా?