కత్తి అందా, అన్నాడా?

సందేహం: ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ కథల్లోని టూరిన్ గురించి తెలుగులో రాస్తున్నాను. డోర్-లోమిన్ ప్రభువు హూరిన్‌కి వారసుడు, కానీ చిన్నతనం నుంచీ శాపం వెంటాడుతుంది. చివర్లో అతని కత్తి గుర్తాంగ్ అతనితో మాట్లాడుతుంది. 'కత్తి అంది' అంటే ఎవరో ఆడమనిషి మాట్లాడినట్టుంది. 'కత్తి అన్నాడు' అనొచ్చా? అలాగే టూరిన్ శాపగ్రస్తుడా, శాపగ్రస్థుడా?

సమాధానం: 'కత్తి అంది' అనే రాయండి. 'అంది'ని స్త్రీలింగం అనుకోవడంతోనే మీకు ఈ చిక్కు వచ్చింది. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకీ జంతువులకీ వస్తువులకీ క్రియ ఒకటే: అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, వాన వచ్చింది. బహువచనంలో తేడా బయటపడుతుంది, ఆడవాళ్లు అన్నారు, కత్తులు అన్నాయి. ఆడగొంతు వినిపించకూడదంటే 'ఆమె'ని రానివ్వకుండా 'అది' వాడితే చాలు.

'అన్నాడు' మగవాళ్లని చెప్పే మాటలకే, అంటే మహద్వాచకాలకే వస్తుంది, మాట్లాడినంత మాత్రాన కత్తి మహద్వాచకం అయిపోదు. పిల్లల కథల్లో 'సింహం అంది' అంటాం, అదే సింహాన్ని పట్టుకుని 'మృగరాజు అన్నాడు' అనీ అంటాం. జంతువు అదే, మాట మారింది కాబట్టి క్రియ మారింది. రావణుడి కత్తి చంద్రహాసం, ఆ పేరే రాకుమారుడికి పెడితే చంద్రహాసుడు. మీ కథలో ఇంతకన్నా చక్కని ఉదాహరణే ఉంది: నార్గోత్రాండ్ అనే రాజ్యంలో టూరిన్‌ని మోర్మెగిల్ అని, అంటే నల్లకత్తి అని పిలుస్తారు. 'నల్లకత్తి వచ్చాడు' అంటే మనిషి, 'నల్లకత్తి మెరిసింది' అంటే ఆయుధం. కత్తికి కూడా 'డు' తగిలిస్తే మనిషెవరో ఆయుధమేదో తెలియకుండా పోతుంది, అంత మంచి అవకాశాన్ని పాడుచేసుకోకండి.

ఇక కత్తి సొంత మాటలు. తన పాత యజమాని బెలెగ్ నెత్తుర్నీ, టూరిన్ చేతిలో అన్యాయంగా చచ్చిపోయిన బ్రాండిర్ నెత్తుర్నీ మరిచిపోవడానికి నీ నెత్తురు సంతోషంగా తాగుతానంటుందది. 'తాగుతాను' అని మగవాడన్నా, ఆడదన్నా, ఇనప ముక్కన్నా తెలుగులో ఒకటే, ఉత్తమపురుష క్రియలో లింగం కనిపించదు. అందుకే ఆ ఒక్క మాటలో కత్తి అచ్చం మనిషిలా పలుకుతుంది, చదివేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. 'తాగేవాణ్ణి' అని మాత్రం రాయొద్దు, అది తప్పు. 'తాగేదాన్ని' ఒప్పే గానీ, మీరు భయపడ్డ ఆడగొంతు మళ్లీ వస్తుంది కాబట్టి 'తాగుతాను' అని ఊరుకోవడమే మేలని నా అభిప్రాయం.

రెండో సందేహానికి జవాబు చిన్నదే: శాపగ్రస్తుడు. గ్రస్త అంటే మింగబడిన, పట్టుబడిన అని, రాహుగ్రస్తంలో ఉన్నది ఇదే. 'స్థ' అంటే ఉండేది, అది గృహస్థుడిలో వస్తుంది. కథలోని దుష్టుడు మోర్గోత్ పెట్టిన శాపం హూరిన్ సంతానాన్నంతా పట్టుకుంది కాబట్టి టూరిన్ శాపగ్రస్తుడు, చెల్లెలు నియెనోర్ శాపగ్రస్తురాలు.