అమ్మాయ్, ముందు బీరువా తాళం సంగతి చూడు

తెనాలి,
శుక్రవారం రాత్రి

అమ్మాయ్,

మన పార్టీకి అధ్యక్షురాలిగా ఎన్నికైన రోజే ఫోన్ చేసి "ఓడిన పాత అధ్యక్షుడి వర్గంతో తగవు మొదలైంది, ఇప్పుడేం చెయ్యమంటావు బాబాయ్" అన్నావు. ఆ గోలలో నేను ఏదో అన్నాను, నువ్వు ఏదో విన్నావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ముప్ఫై ఏళ్ళు ఒక చిన్న పార్టీకి జిల్లా కార్యదర్శిగా, ఆ తర్వాత కోశాధికారిగా చేశాను. గెలిచింది తక్కువ. తగవులు మాత్రం కావలసినన్ని చూశాను.

పెద్ద పార్టీలో మంత్రి పదవి కోసం కొట్టుకుంటారు, అందులో ఒక లెక్క ఉంది. మన దగ్గర పంచుకోవడానికి ఏముంది? ఎమ్మెల్యే లేడు. ఉన్న ఇద్దరు సర్పంచులూ మనవాళ్ళే గానీ పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తే ఉండదు కదా. అయినా మన తగవులే ఎక్కువ ఘాటుగా ఉంటాయి. ఒకడు ఇరవై ఏళ్ళు సొంత పెట్రోలు పోసుకుని ఊళ్ళు తిరిగుంటాడు. ఇంట్లో పెళ్ళాం చేత మాటలు పడుంటాడు. వాడికి పార్టీ ఇచ్చింది ఒక్క మర్యాదే. ఫ్లెక్సీలో వాడి ఫొటో చిన్నదైతే అది నీకు ఫ్లెక్సీ సంగతి, వాడికి ఇరవై ఏళ్ళ సంగతి.

మా జిల్లాలో జరిగింది చెప్తా. అధ్యక్షుడి ఎన్నికలో గొడవై కమిటీ రెండుగా చీలింది. ఓడిన వర్గం వాళ్ళు ఆఫీసు బీరువా తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. గెలిచిన వర్గం దగ్గర రబ్బరు స్టాంపు మిగిలింది. లెటర్‌హెడ్లూ మినిట్స్ పుస్తకమూ బీరువాలో, స్టాంపేమో ఇంకొకరి హ్యాండ్‌బ్యాగులో. ఎనిమిది నెలలు మా జిల్లా నుంచి ఒక్క ఉత్తరం కదల్లేదు. కలెక్టరాఫీసులో ఇవ్వాల్సిన అర్జీని కూడా స్టాంపు లేదని వెనక్కి తెచ్చుకున్న రోజుంది. చివరికి బీరువా పగలగొట్టి చూస్తే మినిట్స్ పుస్తకంలో నాలుగు పేజీలు లేవు. కుట్టు దగ్గర చించిన అంచులు మాత్రం ఉన్నాయి, పంటి చిగుళ్ళలాగా. ఆ నాలుగు పేజీల్లో ఏముందో ఈ రోజుకీ రెండు వర్గాలూ రెండు రకాలుగా చెప్తాయి.

అది అక్కడితో ఆగితే బాగుండేది. అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు ఏ-ఫారం (పార్టీ తరఫున సంతకం చేసే అధికారం ఎవరిదో చెప్పేది), బీ-ఫారం (పార్టీ అభ్యర్థి ఎవరో చెప్పేది) రిటర్నింగ్ అధికారికి చేరాలి, సంతకం సిరాతో పెట్టిందై ఉండాలి. మా వాళ్ళు ఇద్దరు చెరొక బీ-ఫారం పట్టుకుని ఒకే గదిలోకి వెళ్ళారు. ఎవరి సంతకం చెల్లుతుందో రాష్ట్ర ఆఫీసే తేల్చి చెప్పలేకపోయింది. ఇద్దరూ స్వతంత్రులుగా మిగిలారు, ఇద్దరి డిపాజిట్లూ పోయాయి. పోలైన ఓట్లలో ఆరోవంతు రాకపోతే పోతుందని తెలిసిందే. ఆ డబ్బులో సగం ఒకడి భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది. తాకట్టు కొట్టుకి నేను కూడా వెళ్ళాను కాబట్టి తెలుసు.

కాబట్టి ఆదివారం సమావేశంలో నువ్వు ఉపన్యాసం ఇచ్చేలోపు కాగితాలు చూసుకో. బీ-ఫారం మీద సంతకం చేసే అధికారం ఎవరిదో కార్యవర్గం తీర్మానంలో పేరుతో సహా ఉండాలి. ఎన్నికలు రాకముందే రాయించు, వచ్చాక రాయిస్తే ప్రతి పేరు వెనకా ఒక టికెట్టు కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టు, అందులో ఒకటి నీకు ఓటెయ్యని మనిషిదై ఉండాలి. "నా మీద నమ్మకం లేదా" అని నీవాళ్ళే అలుగుతారు. అలగనీ. రెండు వేలు దాటిన విరాళం నగదుగా తీసుకోకు. ఒక్కరే ఏడాదిలో ఇరవై వేలు దాటి ఇస్తే ఆ వివరం ఎన్నికల సంఘానికి పంపాలి. చిన్న పార్టీల్లో దొంగతనం జరగడం నేను తక్కువ చూశాను, దొంగతనం జరిగిందన్న పుకారు మాత్రం ప్రతి ఏడూ చూశాను. రసీదు పుస్తకం సరిగ్గా ఉంటే పుకారుకి కాళ్ళు రావు.

మీ ప్రధాన కార్యదర్శి "అవసరమైతే ఎన్నికల సంఘానికి వెళ్దాం, అసలు పార్టీ ఎవరిదో అదే తేలుస్తుంది" అన్నాడని చెప్పావు. టీవీలో మహారాష్ట్రలో శివసేన రెండుగా చీలిన సంగతి చూసుంటాడు. 2023 ఫిబ్రవరిలో సంఘం ఆ పేరూ గుర్తూ షిండే వర్గానికి ఇచ్చింది, ఎమ్మెల్యేలు, ఎంపీల బలం చూసి. అది 1968 నాటి గుర్తుల ఉత్తర్వులో 15వ పేరా. ఆ పేరా గుర్తింపు ఉన్న పార్టీలకు, అంటే తగినన్ని ఓట్లో సీట్లో తెచ్చుకుని సంఘం దగ్గర ఆ హోదా పొందినవాటికి మాత్రమే. మనది నమోదైన పార్టీయే గానీ గుర్తింపు లేదు. తగవు ముదిరితే మనకు దిక్కు సివిల్ కోర్టే, అక్కడ వాయిదాలు తిరిగేసరికి నీ తలా నా తలలా అవుతుంది. ఈలోపు పోటీ చెయ్యకుండా కూర్చుంటే ఇంకో ముప్పు: 2025 ఆగస్టులో 334 చిన్న పార్టీల్ని జాబితా నుంచి తీసేశారు, 2019 నుంచి ఆరేళ్ళు ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదని. కొట్టుకోవడానికి కూడా పార్టీ ఉండాలిగా.

ఇక అసలు విషయం. నీ తగవు ఏ రకందో ముందు తేల్చుకో.

మా ఊళ్ళో 1964 జులైలో కమ్యూనిస్టుల సభ జరిగింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. అంతకు ముందు ఏప్రిల్లో ఢిల్లీలో కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది లేచి వచ్చేశారు. సుందరయ్య, బసవపున్నయ్య, నాగిరెడ్డి అందులో ఉన్నారు. మా నాన్న పాత పార్టీ సీపీఐలోనే ఉండిపోయాడు, మా పెదనాన్న విడిపోయినవాళ్ళ కొత్త పార్టీ సీపీఎంకి వెళ్ళాడు. ఒకే పెరడు, మధ్యలో ఒకే బావి. పదకొండేళ్ళు ఆ బావి దగ్గర ఇద్దరూ ఎదురుపడకుండా నీళ్ళు తోడుకున్నారు. 1962లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో కలిసున్న పార్టీకి 51 సీట్లు. 1967లో విడిపోయాక ఒకరికి 11, ఇంకొకరికి 9. అయినా ఆ చీలికని నేను తక్కువ చెయ్యను. కాంగ్రెస్‌తో ఎలా ఉండాలి, చైనా సంగతేమిటి అని ఏళ్ళ తరబడి వాదించుకుని, కాగితాల మీద రాసుకుని విడిపోయారు. మా నాన్న చనిపోయే ముందు కూడా అన్నయ్య తప్పన్నాడే గానీ దొంగ అనలేదు.

మీది అలాంటిదా? పెద్ద పార్టీతో పొత్తు వద్దని మీ పాత అధ్యక్షుడు అంటున్నాడు, కావాలని నీవాళ్ళు అంటున్నారు. పైకి సిద్ధాంతంలాగే ఉంది. కానీ నాలుగేళ్ళ కిందట ఇదే పొత్తు కావాలని ఆయనే తీర్మానం పెట్టాడు, నేను సభలో ఉన్నాను. ఆయన బాధ పొత్తు కాదమ్మా. మూడు ఓట్ల తేడాతో ఓడాడు. ఫలితం చెప్పగానే కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆయన కండువా మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఒక్కడూ కిందిదాకా రాలేదు. నువ్వూ రాలేదు. దండలు వేయించుకుంటున్నావు.

పొత్తు తగవైతే దాచకుండా సర్వసభ్య సమావేశంలో పెట్టు, వాదించనీ, ఓటింగు పెట్టు. పరువు తగవైతే ఓటింగు పెట్టకు, ఇంకోసారి ఓడించినట్టవుతుంది. ఇంటికి వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు, ఫొటోలు తీసేవాణ్ణి తీసుకెళ్ళకు. ఆయన మొదటి అరగంట తిడతాడు, కాఫీ వచ్చేదాకా నోరెత్తకు. సలహాదారు అనే ఉత్తుత్తి పదవి ఇవ్వకు, అది శాలువా కప్పి బయటికి పంపడమే. సభ్యత్వ నమోదు మొత్తం ఆయన చేతిలో పెట్టు. మండలాల్లో ఎవరి గుమ్మం ఎక్కడుందో తెలిసింది ఆయనకొక్కడికే. రేపు ఆ బలంతోనే నిన్ను ఓడించొచ్చు. ఓడిస్తే ఓడించనీ, పార్టీకి సభ్యులు పెరిగే ఉంటారు.

వాట్సాప్‌లో ఎవర్నీ సస్పెండ్ చెయ్యకు. గ్రూపులోంచి తీసేసి అదే క్రమశిక్షణ అనుకునే అధ్యక్షుల్ని చూశాను. నోటీసు ఇవ్వాలి, గడువు ఇవ్వాలి, మనిషిని కూర్చోబెట్టి వినాలి, అది మినిట్స్‌లో ఎక్కాలి. అర్ధరాత్రి మెసేజ్‌కి తెల్లారాకే జవాబివ్వు. ఈ ఒక్కటీ నాకు చేతకాలేదు, దానివల్ల ఇద్దరు మంచి స్నేహితుల్ని పోగొట్టుకున్నాను. ఒకడి సంతాప సభకి కూడా నన్ను పిలవలేదు.

ఆదివారం సమావేశానికి నేను రాను. వస్తే అందరూ నీ వైపు కాకుండా నా వైపు చూసి మాట్లాడతారు. ఈ కవర్లో ఒక తాళంచెవి పెట్టాను. రాష్ట్ర ఆఫీసు బీరువాకి రెండోది, కోశాధికారిగా దిగిపోయినప్పుడు ఇవ్వడం మర్చిపోయాను. మర్చిపోయానని రాశాను గానీ, నిజానికి ఇవ్వబుద్ధి కాలేదు. ముట్టినట్టు రసీదు రాసి పంపు.

మీ పిన్ని అడిగానని చెప్పమంది.

మీ బాబాయ్