కరకట్ట మీద సాధనకూ ఆదివారం వేగానికీ ఒకే జత చక్రాలు: ఏవి కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ బరువు 78 కిలోలు, డిస్క్ బ్రేకుల రోడ్ బైకు. వారమంతా విజయవాడ దగ్గర ఉండవల్లి నుంచి కృష్ణ కరకట్ట మీద సాధన, ఆదివారం కృష్ణ మీది వారధి దాటి గుంటూరు వైపు గంటకు 35 కిలోమీటర్లకు పైగా సాగే గ్రూప్ రైడ్. చేతిలో 60 వేల రూపాయలు ఉన్నాయి, 50 మిల్లీమీటర్ల లోతున్న (అంటే రిమ్ము టైరు నుంచి స్పోకుల వైపు అంత మేర ఉన్న) కార్బన్ చక్రాలు తీసుకోవచ్చా అని అడిగారు. వద్దంటాను. గట్టి అల్యూమినియం చక్రాలు కొని, మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టండి. ఏళ్ల తరబడి ఇవే దారుల్లో తొక్కుతున్నాను కాబట్టి కారణాలు వివరంగానే చెబుతాను.

లోతైన రిమ్ము గాలిని బాగా కోస్తుందన్నది నిజం. కానీ ఆ లాభం గట్టిగా తెలిసేది వేగం 40 దగ్గరికి చేరి, ముందు ఎవరూ లేకుండా మీరొక్కరే గాలికి ఎదురు నిలిచినప్పుడు. గ్రూప్‌లో ఎక్కువసేపు మీరు ఇంకొకరి చక్రం వెనకే ఉంటారు, గాలి బరువు ముందువాళ్లు మోస్తుంటారు. పైగా అంత దగ్గరగా వెళ్తున్నప్పుడు రోడ్డు మీ కంటికి ఆనదు. ముందున్నవాళ్లు చెయ్యి చూపి హెచ్చరించేలోపే గుంత మీ చక్రం కిందికి వచ్చేస్తుంది. కాబట్టి గ్రూప్ రైడ్‌లో చక్రానికి ముందుగా కావలసింది దెబ్బ తట్టుకునే ఓర్పు. మన కరకట్ట మీద అడ్డగాలి సంగతి మీకు తెలియనిది కాదు. ఆషాఢ గాలులు మొదలైతే ప్రకాశం బ్యారేజీ మీదే హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. హైవే మీద లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు లోతైన ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు లాగుతుంది. నలుగురి మధ్యలో ఉండగా అలా జరిగితే ప్రమాదం మీ ఒక్కరిది కాదు.

బరువు గురించి కూడా అనవసరంగా బెంగపెట్టుకుంటారు. రెండు జతల మధ్య తేడా 300 గ్రాములు అనుకుందాం. మీరూ బండీ నీళ్ల సీసాలూ కలిసి 88 కిలోలైతే, అది ఒక్క శాతంలో మూడో వంతు మాత్రమే. కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి చోట 20 నిమిషాలు ఎక్కినా దాని వల్ల మిగిలేది నాలుగు సెకన్లు. తిరిగే బరువు కదా అంటారు. అంచున తిరిగే బరువును వేగం పెంచేటప్పుడు మహా అయితే రెండింతలుగా లెక్కించాలి, అప్పుడు కూడా అది ఒక శాతం లోపే.

ఇక అసలు విషయం మరమ్మతు. ఇది ఎవరూ కొనేముందు అడగరు. నా బైకుతో పాటు వచ్చిన వెనక చక్రానికి 20 స్పోకులే ఉండేవి. తల దగ్గర వంపు లేని, చదునైన రకం. కాజ టోల్ ప్లాజా దాటాక వంతెన అతుకు మీద ఒకటి తెగింది. స్పోకులు తక్కువ కాబట్టి మిగతావాటి లాగుడు తప్పి చక్రం వంకర తిరిగి ఫ్రేముకు రాసుకోవడం మొదలుపెట్టింది, ఇంటికి ఆటోలో రావలసి వచ్చింది. ఆ కొలత స్పోకు ఇక్కడ దొరకలేదు, బెంగళూరు నుంచి తెప్పించేసరికి మూడు వారాలు పట్టింది. మా గ్రూప్‌లో ఒకాయనకు 28 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే, దాన్ని పక్క స్పోకుకు చుట్టేసి నెమ్మదిగా గుంటూరు దాకా తొక్కుకొచ్చారు. వంపు తల ఉన్న మామూలు గుండ్రటి స్పోకు అయితే సరైన పొడవుది ఒకటి రెండు ఇంట్లో పెట్టుకుంటే చాలు, ఎక్కించి వంకర తీయడం పాత సైకిళ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌కు కూడా వచ్చు. మంచి కార్బన్ రిమ్ము అంత తేలిగ్గా పగలదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పగిలితే మార్చడమే.

అందుకే ముందు 24, వెనక 28 స్పోకులు, రెండు చివర్లా లావుగా మధ్యలో సన్నగా ఉండే రకం అడగండి. నిప్పుల్స్, అంటే స్పోకును రిమ్ముకు బిగించే చిన్న మరలు, ఇత్తడివి కావాలని పట్టుబట్టండి. మన ఉక్కకూ చెమటకూ వానలో తడిసిన బురదకూ అల్యూమినియం నిప్పుల్స్ తినేసి బిగుసుకుపోతాయి, తర్వాత తిప్పబోతే విరుగుతాయి. రిమ్ము లోతు 25 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు. లోపలి వెడల్పు 19 నుంచి 21 ఉంటే 28 మిల్లీమీటర్ల టైరు చక్కగా కూర్చుంటుంది. చక్రం మధ్యలో ఉండే హబ్బు బేరింగులు బయట విడిగా దొరికే సీల్డ్ రకమో, లేదా విప్పి గ్రీజు పెట్టుకోగలిగే షిమానో తరహావో అయితే రెండు వానాకాలాలు గడిచాక ఆ తేడా తెలుస్తుంది.

టైరును పట్టి ఉంచే అంచు కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటికి ట్యూబ్‌లెస్‌కు తగిన టైర్లే వేయాలి, గాలి 72.5 పీఎస్ఐ మించకూడదు. తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర 70 పెట్టారనుకోండి, ఎండలో టైరు 45 డిగ్రీలకు చేరితే దాదాపు 5 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో విజయవాడలో ఆ మాత్రం వేడి ఎంతసేపు? నా మటుకు నేను కొక్కెం ఉన్న రిమ్మే కావాలంటాను. మీ బరువుకు 28 టైరులో ముందు 65, వెనక 70 దగ్గర మొదలుపెట్టి, కరకట్ట మీద వెళ్లి చూసి సవరించుకోండి.

టైర్ల మీద డబ్బు పెట్టమన్నది ఊరికే కాదు. చవక సాధన టైరుకూ మంచి రోడ్ టైరుకూ మధ్య దొర్లడంలో పోయే శక్తి తేడా గంటకు 30 కిలోమీటర్ల దగ్గర జతకు పది వాట్లకు పైనే ఉండవచ్చు. గుంపు మధ్యలో ఉన్నా, ఒంటరిగా ఉన్నా ఆ లాభం మీతోనే ఉంటుంది. రోడ్డు పక్క పల్లేరుకాయలకూ తుమ్మముళ్లకూ ట్యూబ్‌లెస్ నాకు బాగా పనికొచ్చింది. అయితే చిల్లులను పూడ్చేందుకు లోపల పోసే ద్రవం, సీలెంట్, మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది, వేసవిలో రెండు నెలలకోసారి చూసి పోయాలి. ఆ ఓపిక లేకపోతే ట్యూబులతోనే ఉండండి, తప్పేమీ లేదు.

డబ్బు కట్టేముందు మూడు సరిచూసుకోండి. మీ ఫ్రేముకు ముందు 12×100, వెనక 12×142 ఇరుసులేనా. మీ క్యాసెట్‌కు (వెనక గేరు పళ్ల చక్రాల కట్టకు) తగిన ఫ్రీహబ్బేనా, అంటే హబ్బు మీద ఆ కట్ట ఎక్కే భాగమేనా: షిమానో 11 గేర్ల ఫ్రీహబ్బు మీద వాళ్ల 12 గేర్ల రోడ్ క్యాసెట్ కూడా ఎక్కుతుంది, ఎస్‌ఆర్‌ఏఎమ్ కంపెనీ ఎక్స్‌డీఆర్ రకం క్యాసెట్‌కు వేరే ఫ్రీహబ్బు కావాలి. బ్రేకు డిస్కు బిగింపు సెంటర్‌లాకా (మధ్యలో ఒకే రింగుతో బిగించేది), ఆరు బోల్టులదా. మొదటి కొన్ని రైడ్‌ల తర్వాత స్పోకుల బిగువు ఒకసారి చూపించండి, కొత్త చక్రం కాస్త సర్దుకుంటుంది. తర్వాతెప్పుడైనా ఒంటరి టైమ్ ట్రయల్ మీద మనసు పోతే, అప్పుడు లోతైన కార్బన్ జత విడిగా కొనుక్కోండి. ఈ జత రోజువారీ సాధనకు అలాగే ఉంటుంది.