కబ్స్‌లో చేర్చాలా, అబాకస్‌కు పంపాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. బాబు మూడో తరగతి. వాళ్ల స్కూల్లో శనివారం సాయంత్రాలు కబ్స్, అంటే స్కౌట్స్‌లో చిన్న మగపిల్లల విభాగం, మొదలుపెడుతున్నారు. ఆ టైమ్‌లో అబాకస్‌కు పంపితే లెక్కలైనా వస్తాయని మావారు అంటున్నారు. స్కౌట్ సర్టిఫికెట్ ఉంటే రేపు రైల్వేలో ఉద్యోగం వస్తుందని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: చేర్చండమ్మా. కానీ మీ అన్నయ్య చెప్పిన కారణంతో వద్దు. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట నిజమే. అయితే అది రాష్ట్రపతి అవార్డు లాంటి పైస్థాయి అర్హత సాధించి, ఏళ్ల తరబడి సంస్థలో చురుగ్గా పనిచేసినవాళ్లకు. ఆ దారి 10 ఏళ్లు నిండి స్కౌట్ అయ్యాక మొదలవుతుంది. కబ్స్‌లో పైమెట్టు గోల్డెన్ యారో అవార్డు. దానితో ఉద్యోగం రాదు. మూడో తరగతి పిల్లాడి నెత్తిన ఇప్పుడే ఆ బరువు పెట్టకండి.

నేను చేర్చమనేది వేరే కారణంతో. మన గుంటూరు, విజయవాడల్లో పిల్లలు పదో తరగతి అవ్వగానే ఇంటర్ హాస్టళ్లకు వెళ్తారు. మంచి మార్కులున్న పిల్లలే అక్కడ బెంగపడి నా దగ్గరికి వస్తుంటారు. పక్క మంచం వాడితో సర్దుకోవడం రాదు, ఒంట్లో బాగోలేదని వార్డెన్‌కు చెప్పడానికి నోరు రాదు. ఆ అలవాట్లు పదహారేళ్లకు ఒక్కసారిగా రావు. కబ్స్‌లో పిల్లలను ఆరుగురేసి జట్లుగా చేస్తారు, ఒక్కో జట్టును సిక్స్ అంటారు. అందులో ఒకడు సిక్సర్, అంటే లీడర్. వెనకబడినవాడి కోసం ఆగాలి, తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి, ముడి వేయడం తను నేర్చుకుని పక్కవాడికి నేర్పాలి. రోజుకో మంచి పని చేయాలన్నది వాళ్ల నియమం. దెబ్బ తగిలితే కడిగి కట్టు కట్టడం లాంటివీ నేర్పుతారు. ట్యూషన్‌లో ఇవి దొరకవు.

అబాకస్ మంచిదే, ఇంకో రోజు పెట్టుకోండి. రెండూ శనివారమే ఇరికిస్తే పిల్లాడు అలిసిపోతాడు.

చేర్చే ముందు స్కూలుకు ఒకసారి వెళ్లండి. యూనిట్ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రిజిస్టర్ అయ్యిందా, కబ్ మాస్టర్ శిక్షణ తీసుకున్నారా అని అడగండి. యూనిఫాం కొనిపించి ఆగస్టు 15న మార్చ్‌పాస్ట్‌లో నిలబెట్టి వదిలేసేలా ఉంటే మీ డబ్బు దండగ. వారం వారం ఏం చేయిస్తారో చెప్పగలగాలి. ఉండవల్లి గుహలకో, కొండవీడుకో తీసుకెళ్తే వెంట ఎంతమంది పెద్దలు ఉంటారో తప్పకుండా తెలుసుకోండి. కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్తే పిల్లలను నీళ్లలోకి దించబోమని ముందే మాట తీసుకోండి.

మీకు పాప కూడా ఉంటే, ఐదేళ్లు నిండాక బుల్‌బుల్స్‌లో, అంటే చిన్న ఆడపిల్లల విభాగంలో, చేర్చవచ్చు.

మొదటి రెండు మూడు వారాలు బాబు వెళ్లనని మారాం చేసినా పంపండి. ఈ ఏడాది గడిచాక కూడా ఇష్టం లేదంటే మాన్పించేయండి.