బోటుకి ఇంజను కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మీ మావయ్య దీవించి రాసేది.

గుజరాత్ వెరావల్ నుంచి వచ్చేసి మన ఊళ్లోనే సొంత ఫైబర్ బోటు కట్టిస్తున్నావని అక్క, అదే మీ అమ్మ, ఫోన్లో చెప్పింది. పరాయి బోట్ల మీద కళాసీగా పోయినవాడివి సొంత రేవులో సరంగువి అవుతున్నావంటే ఛాతీ పొంగింది. ఆ వెంటనే, "లోపలే పెద్ద డీజిలు ఇంజను పెట్టిస్తాడట, ఊళ్లో అందరికంటే జోరుగా పోవాలట" అంది. అక్కడే గుండె గుబుక్కుమంది.

అక్కడ నువ్వు చూసినవి హార్బర్లో లంగరు వేసుకునే ట్రాలర్లు. వాటి కింద ఎప్పుడూ నీళ్లుంటాయి. మన జిల్లాలో ఎక్కువ ఊళ్లకి రేవంటే ఇసుక ఒడ్డే. కెరటాలు దాటి దిగాలి, మళ్లీ కెరటాల మీదే ఒడ్డుకి రావాలి. కాబట్టి ఒడ్డుకి ముందున్న ఆ నూరు గజాలు చూసి ఇంజను ఎంచుకో. నడిసంద్రంలో వేగం సంగతి ఆ తర్వాత.

బోటు లోపల బిగించే ఇంజను, అంటే ఇన్‌బోర్డు, మంచిదే. డీజిలుది కనుక ఖర్చు తక్కువ. పది హెచ్.పి. ఇంజను పూర్తి జోరు మీద గంటకి రెండు, రెండున్నర లీటర్లు తాగితే, బోటు వెనక పలకకి బయట తగిలించే, అదే బలమున్న పెట్రోలు ఔట్‌బోర్డు మూడున్నర, నాలుగు లీటర్లు తాగుతుంది. బరువు బోటు మధ్యలో, అడుక్కి ఉంటుంది కాబట్టి నిలకడ ఎక్కువ. నీళ్లని నెట్టే రెక్కల ఫ్యాను లోతున ఉండి నీళ్లని గట్టిగా పడుతుంది. కానీ గేర్ బాక్సు, ఫ్యానుని తిప్పే కడ్డీ అంటే షాఫ్టు, ఇంజను కింది దిమ్మెలు కలిపితే నూరు కిలోలు దాటిపోతుంది. 9.9 హెచ్.పి. ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డు 40 కిలోల దగ్గర ఉంటుంది, ఇద్దరు భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేయొచ్చు. పైగా ఇన్‌బోర్డు షాఫ్టు, ఫ్యాను, చుక్కాని బోటు అడుగు కిందికి దిగి ఉంటాయి. ఇసుక మీదికి లాగిన ప్రతిసారీ దెబ్బ వాటికే. షాఫ్టు వెంట్రుకవాసి వంగినా బోటంతా వణుకుతుంది, షాఫ్టు బోటు లోంచి బయటికి పోయే గ్లాండు దగ్గర ప్యాకింగు అరిగి నీళ్లు కారతాయి. ఇంజనునీ షాఫ్టునీ కలిపే నాలుగంగుళాల కప్లింగుకి సందు తేడా 0.1 మి.మీ. దాటకూడదు. ఒడ్డున పెట్టి సరిచూసినది నీళ్లలో నిలవదు, ఎందుకంటే ఫైబర్ బోటు ఇసుక మీద ఒకలా, నీటి మీద ఒకలా వంగుతుంది. షాఫ్టు పైకి లేచే ఏర్పాటున్న బోటైతే వేరే మాట. మన ఇసుక ఒడ్డుకి ఔట్‌బోర్డే సరి. విశాఖ హార్బర్లో కట్టుకునే బోటు కొన్ననాడు ఇన్‌బోర్డే పెట్టించు, నేనే దగ్గరుండి బిగిస్తాను.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. ఔట్‌బోర్డుకి ఒప్పుకున్నాక నువ్వు చేయబోయే తప్పు నాకు ఇప్పుడే కనిపిస్తోంది. "9.9 ఎందుకు మావయ్యా, 40 హెచ్.పి. తగిలిద్దాం" అంటావు. మన ఒడ్డున కుర్రాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఇదే. లెక్క చూడు. నీటిని తాకే పొడవు 25 అడుగులైతే దాని వర్గమూలం 5, దాన్ని 1.34తో గుణిస్తే 6.7 నాట్లు, అంటే గంటకి సుమారు 12.4 కిలోమీటర్లు. నీటిని చీల్చుకుని పోయే బోటుకి హద్దు దాదాపు అంతే. ఆపైన ఎంత బలం పెట్టినా తన అలని తానే ఎక్కలేక ముక్కు పైకి లేస్తుంది, వెనక దిగబడుతుంది, పెట్రోలు మండిపోతుంది. ఆ హద్దు దాటాలంటే బోటు నీటి మీదికి తేలి జారాలి. దానికి ఒక్కో హెచ్.పి.కి పాతిక కిలోలకి మించి బరువుండకూడదని మోటు లెక్క. నీ బోటు ఐదు వందల కిలోలు, నలుగురు మనుషులు, వలలు, ఐసు, చేపలు కలిపి పన్నెండు వందలు ఎటూ పోదు. అంటే 48 హెచ్.పి. దాకా కావాలి. 40 పెట్టినా వల నిండిన రోజు జారదు, ఖాళీగా ఉన్న రోజు మాత్రం ఎగిరెగిరి పడుతుంది.

నలభై హెచ్.పి. ఇంజను టూ స్ట్రోకైనా 70 కిలోలు దాటుతుంది, ఫోర్ స్ట్రోకైతే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా వెనక పలక మీదే వేలాడుతుంది. దిగేటప్పుడు కెరటం కింద ముక్కు ఎక్కువ లేచి బోటు వెనక్కి పడబోతుంది. వచ్చేటప్పుడు వెనక కిందికి ఉండటంతో తరుముకొచ్చే కెరటం పలక మీదుగా లోపలికి పొర్లుతుంది. ఇంజను తడిసి ఆగిందా, ఔట్‌బోర్డుకి వేరే చుక్కాని లేదు కాబట్టి బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటు మీద రెండో కెరటం ఏం చేస్తుందో నీకు నేను చెప్పాలా నాయనా? అక్కకి నువ్వొక్కడివే.

అందుకని 9.9 చాలు. పలక ఎత్తు కొలుచుకో. పదిహేనంగుళాలకి షార్టు షాఫ్టు, ఇరవైకి లాంగు షాఫ్టు. ఇంజనుకే ఫ్యాను పైన ఉండే రేకు బోటు అడుగు కంటే ఒక అంగుళం కిందుండాలి. పైకుంటే కెరటంలో ఫ్యాను గాలి మింగి ఇంజను అరుస్తుంది గానీ బోటు కదలదు. క్లాంపు మరలనే నమ్ముకోకు. పలకకి బోల్టులు వేసి లోపల స్టీలు ప్లేటు పెట్టు, రంధ్రాల్లో సీలెంటు నింపు. లేకపోతే లోపలి ప్లైవుడ్ కుళ్లుతుంది. ఇంజనుకి వేరే తాడు కూడా కట్టు.

కొత్త ఇంజనుకి మొదటి పది గంటలు నెమ్మదిగా నడపాలి, మొదటి గంట సగం కూడా తిప్పకు. కెరటంలో పూర్తి జోరు అవసరం పడుతుంది కాబట్టి ఆ పది గంటలూ మొగ లోపల, అంటే ఏరు సంద్రంలో కలిసే చోటికి ఇవతలే, వల ఎక్కించకుండా నడిపేయ్. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంది, ఆ లోపే బిగింపు కానీ. జూన్‌లో సంద్రం ఎలా ఉంటుందో తెలుసుగా.

ఒడ్డు దగ్గరికి రాగానే ఇంజను ఎత్తేయ్. తెడ్డు ఎప్పుడూ చేతికందేలా ఉంచు. ఇంజను ఆపే ఎర్ర తాడు మణికట్టుకి చుట్టుకోకుండా ఇంజను తిప్పకు. నువ్వు పడిపోతే ఫ్యాను ఆగేది దానితోనే.

ఇంటికి తెచ్చాక పది నిమిషాలు మంచినీళ్లతో కడుగు. నీళ్లు చిమ్మే రంధ్రం రోజూ చూడు, ధార సన్నబడితే లోపల నీళ్లు తోడే ఇంపెల్లర్‌ని ఇసుక తినేసిందన్నమాట. గేరు ఆయిలు పాలలా మారితే సీలు పోయినట్టే. ఇంజను తుప్పు పట్టకుండా తాను అరిగే జింకు దిమ్మ సగం అరిగితే మార్చు.

బయానా ఇచ్చేముందు వెనక పలక ఎత్తు, మందం టేపు పెట్టి కొలిచి ఫోటో తీసి పంపు. కొట్టువాడు షార్టు షాఫ్టు తక్కువ ధరకి ఇస్తానంటాడు, పలక కొలత చూడకుండా తీసుకోకు. నేను చూసి ఫోన్ చేసేదాకా డబ్బు అక్క దగ్గరే ఉంచు.

ఇట్లు
మీ మావయ్య