ఆన్‌లైన్‌లో కారు అమ్మకానికి పెడితే ఫోన్లే తప్ప కొనేవాళ్లు రావట్లేదు. విసుగొచ్చి ఎవరికో ఒకరికి ఇచ్చేయాలా?

మీ నాన్నగారి 2014 మోడల్ పెట్రోల్ కారు యాప్‌లో పెట్టి నెల దాటిందనీ, రోజంతా "లాస్ట్ ఎంత?" అన్న మెసేజ్‌లే వస్తున్నాయనీ, వస్తామన్నవాళ్లు రావట్లేదనీ, వచ్చినవాళ్లు సగానికి అడుగుతున్నారనీ రాశారు. ఇక ఎవరు ముందు డబ్బు చూపిస్తే వాళ్లకు సంతకాలు పెట్టి ఇచ్చేద్దామనుకుంటున్నానన్నారు. ఆ చివరి మాట చూసే ఈ జవాబు రాస్తున్నాను. రేటు తగ్గించుకోండి, ఇంకో నెల ఆగండి, పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీకే ఇవ్వండి, ఏది చేసినా పర్వాలేదు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి ఇచ్చేయడం మాత్రం వద్దు. చాలామంది ఆ పని తెలియక చేయరు, విసిగిపోయి చేస్తారు.

మా ఐ10 కారు నేను 2023లో హైదరాబాద్‌లో ఇలాగే అమ్మాను. 2012 మోడల్, ఏపీ 28 నంబరు. సాయంత్రం ఫోటోలు పెట్టాను, అన్నం తినే లోపే ఫోన్లు మొదలయ్యాయి. మొదటి రోజు వచ్చిన ఫోన్లు దాదాపు అన్నీ బ్రోకర్లవే. వాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. బండి గురించి ఒక్క ప్రశ్న వేయరు. "ఓనరేనా? లాస్ట్ ఎంతకిస్తారు? పార్టీ రెడీగా ఉంది, ఇప్పుడే చెప్పండి" అంటారు. ఒకరు మన రేటులో పాతిక వేలు తక్కువ చెబుతారు, తర్వాతి వాళ్లు నలభై, ఆ తర్వాత అరవై. ఇన్ని ఫోన్లు విన్నాక మన రేటు మీద మనకే నమ్మకం పోతుంది. ఈ స్థితిలో ఎవరైనా కాస్త మర్యాదగా మాట్లాడి, క్యాష్ తీసుకుని ఇంటికొస్తామంటే దేవుడిలా కనిపిస్తారు. మీరిప్పుడు ఉన్నది సరిగ్గా ఆ చోటే.

ఆదివారం పొద్దున్నే బండి కడిగించి, ఇంట్లోవాళ్లను బయటికి వెళ్లనీయకుండా కూర్చోబెట్టి, "లొకేషన్ పెట్టండి, గంటలో ఉంటాం" అన్నవాళ్ల కోసం సాయంత్రం దాకా ఎదురుచూస్తే ఎంత ఒళ్లు మండుతుందో నాకు తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తరు. రాలేమని ఒక్క మెసేజ్ పెట్టడానికి పట్టే టైమెంత? ఈ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. అందుకే తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. రేటు బండి చూశాకే మాట్లాడదామని చెప్పేవాడిని. ఫోన్‌లో ఎంత బతిమాలినా తగ్గించలేదు. దాంతో ఫోన్లు తగ్గాయి, వచ్చినవాళ్లు మాత్రం నిజంగా కొనాలనుకున్నవాళ్లే.

మనవాళ్లలో కొనేవాళ్లకు ఉండే పట్టింపులు కూడా ముందే లెక్కలోకి తీసుకోండి. సంగారెడ్డి నుంచి ఒక కుటుంబం వచ్చింది. బండి నచ్చింది, రేటు కూడా దాదాపు కుదిరింది. అప్పుడు వాళ్ల పెద్దాయన నంబరు ప్లేటు ముందు నిలబడి అంకెలు వేళ్ల మీద కూడి, ఎనిమిది వస్తోంది, వద్దమ్మా అన్నారు. అంతదూరం వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. వాళ్ల నమ్మకం వాళ్లది, నేను తప్పు పట్టను. కానీ ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా మొదటే పూర్తి నంబరు చెప్పేవాడిని. ఆషాఢం, మూఢం నడుస్తుంటే నిజంగా కొనాలనుకున్నవాళ్లు కూడా మంచి రోజు కోసం ఆగుతారు. మీ ప్రకటన ఈ రోజుల్లో పడి ఉంటే కంగారుపడి రేటు కోయకండి. దసరా ముందు అదే బండికి అడిగేవాళ్లు పెరుగుతారు.

ఏపీ 28 అని చూసి "ఆంధ్రా బండా? ఎన్‌వోసీ కావాలా?" అని అడిగినవాళ్లు ఎందరో. ఇక్కడ ఎన్‌వోసీ అంటే బండి వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదని ఆర్టీఏ ఇచ్చే కాగితం. ఏపీ 28 రంగారెడ్డి జిల్లా కోడ్, రాష్ట్రం విడిపోక ముందు రిజిస్టర్ అయిన బండి, ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులోనే ఉంది అని ఎన్నిసార్లు చెప్పానో. మీదీ అలాంటి నంబరే అయితే ఆ సంగతి ప్రకటనలో మొదటి వాక్యంగా రాయండి. రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో కూడా రాయండి. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే కాబట్టి మీ బండికి 2029 తర్వాత ప్రతి 5 ఏళ్లకూ రెన్యువల్ చేయించాలి. బేరంలో ఈ మాట తప్పక వస్తుంది. దాచినట్టు కనిపించే కంటే మీరే చెప్పి, రేటు అది లెక్కేసుకునే పెట్టానంటే మాట నిలబడుతుంది.

చివరికి మా బండి కొన్నతను ఫోన్‌లో రేటే అడగలేదు. "సార్, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి, ఇంజిన్ చల్లగా ఉండాలి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇతను కొంటాడనిపించింది. మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మెకానిక్ ముందు బానెట్ మీద అరచేయి పెట్టి వేడి చూశాడు. తర్వాత బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందా అని టార్చ్ వేసి చూశాడు. చెదిరితే ఎప్పుడో విప్పారని అర్థం. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు లాగి లోపల పిల్లర్ల వెల్డింగ్ చుక్కలు తడిమాడు, డిక్కీలో స్టెప్నీ తీసి కింద రేకు చూశాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ మూత తెరిచి పొగ ఎగదన్నుతోందా అని చూశాడు. ఎడమవైపు వెనక తలుపు ఒకసారి టింకరింగ్ చేయించిన సంగతి నేనే ముందు చెప్పాను. సర్వీస్ బిల్లులు ఫైల్ చేసి చేతిలో పెట్టాను. అడిగిన దాంట్లో కొంచెం తగ్గించాను, అక్కడికక్కడే తేల్చుకున్నాం. అదే బండికి అంతకుముందు బ్రోకర్లు చెప్పిన రేటుకీ దీనికీ పోలికే లేదు.

ఈ లోపు మోసగాళ్ల ఫోన్ కూడా వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. హిందీలో మాట్లాడతాడు, ఆర్మీలోనో సీఐఎస్ఎఫ్‌లోనో ఉన్నానంటాడు, యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు, ఆధార్ అన్నీ వాట్సాప్‌లో పంపిస్తాడు. బండి చూడకుండానే, బేరమాడకుండానే మన రేటుకు ఒప్పుకుంటాడు. నెలరోజులుగా బేరాలతో అలసిపోయిన మనిషికి ఆ మాట ఎంత హాయిగా వినిపిస్తుందో! తర్వాత "అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. యూపీఐలో మనకు డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతుందనే. నమ్మకం కలిగించడానికి కొందరు ముందు చిన్న మొత్తం నిజంగానే వేస్తారు, దానికి కరిగిపోవద్దు. ఇంట్లో పెద్దవాళ్ల నంబరు ప్రకటనలో ఇచ్చి ఉంటే ముందు తీసేయండి, ఈ ఫోన్లు మీకే రానివ్వండి. ఎవరికైనా డబ్బు పోతే మాత్రం సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆర్‌సీ ఫోటో ఎవరికీ పంపకండి, ప్రకటనలో అసలు పెట్టకండి. ఛాసిస్ నంబరు, చిరునామా అన్నీ అందులో ఉంటాయి. మీ ఫోటోలే తీసుకుని తక్కువ రేటుతో ఇంకో ప్రకటన పెట్టి, అడ్వాన్స్ పేరుతో జనం దగ్గర డబ్బు గుంజేవాళ్లున్నారు. కొనేవాళ్లు ఇంటికొచ్చాక ఒరిజినల్ చూపిస్తే చాలు. టెస్ట్ డ్రైవ్‌కు మీరు పక్కన కూర్చోకుండా తాళం ఇవ్వొద్దు.

ఇక సంతకాల సంగతి. బ్రోకర్ వచ్చి "సార్, పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకం పెట్టేయండి, కొనేవాళ్ల పేరు మేం నింపుకుంటాం, నెలలో ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది" అంటాడు. దీన్నే ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. అతను తన పేరు మీదికి మార్చుకోడు. మార్చుకుంటే ఫీజు అతనికి ఖర్చు, పైగా ఓనర్ల లెక్క ఒకటి పెరుగుతుంది. బండి ఇంకొకరికి, వాళ్ల నుంచి మరొకరికి పోతుంది, ఆర్‌సీలో మాత్రం మీ నాన్నగారి పేరే ఉంటుంది.

మా తమ్ముడు స్కూటర్ అలాగే ఇచ్చాడు. కొన్ని నెలలకు వాడి ఫోన్‌కు చలాన్లు రావడం మొదలైంది. ఒక చలాన్‌లో ఫోటో నేనూ చూశాను. ముగ్గురు కుర్రాళ్లు, ఎవరికీ హెల్మెట్ లేదు, వెనక మడ్‌గార్డ్ మీద మా తమ్ముడు కూతురి పేరుతో వేయించిన స్టిక్కర్ అలాగే ఉంది. బ్రోకర్‌ను అడిగితే "ఎవరికిచ్చానో గుర్తులేదు" అన్నాడు. చలాన్ డబ్బు కట్టేయొచ్చు. ఆ ముగ్గురూ ఎవరినైనా గుద్దితే ఏమిటన్నదే ఇంట్లో అందరికీ టెన్షన్. పేరు మారేదాకా మా మరదలికి సరిగ్గా నిద్ర లేదు.

ఆ భయం ఊరికే కాదు. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది. అందులో కారు ఒకరి తర్వాత ఒకరుగా చాలా చేతులు మారింది, ఆర్‌సీలో పేరు మాత్రం మొదటి ఓనర్‌దే. ప్రమాదం జరిగినప్పుడు బండి వేరేవాళ్ల దగ్గరున్నా, నష్టపరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్‌దేనని కోర్టు తేల్చింది. అమ్మేశాను, డబ్బు తీసుకున్నాను, నాకేం సంబంధం అంటే కుదరదు.

కాబట్టి కొనేవాళ్ల పూర్తి పేరు, చిరునామా, తేదీ నింపాకే మీ నాన్నగారితో సంతకాలు పెట్టించండి. కారు లోన్ మీద కొన్నదైతే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ముందే తీయించండి. చాలా బేరాలు ఇక్కడే ఆగిపోతాయి. కొనేవాళ్లది వేరే రాష్ట్రమైతే ఫారం 28తో ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ కావాలి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాల్సింది అమ్మినవాళ్లే, ఆ నోటీసే ఫారం 29. అది ఇచ్చినంత మాత్రాన పేరు మారదు కానీ, ఫలానా రోజు ఫలానా వాళ్లకు అమ్మానన్న రుజువు మీ దగ్గరుంటుంది. డెలివరీ కాగితంలో తేదీతో పాటు టైమ్, కిలోమీటర్ల రీడింగ్ కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి, కొన్నవాళ్ల ఆధార్ కాపీ తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవడం మేలు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక అమ్మకానికి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. స్క్రీన్‌షాట్ చూసి తాళం ఇవ్వకండి, ఖాతా తెరిచి డబ్బు పడిందని చూసుకోండి.

నేను ఇంకొకటి చేశాను. కొన్నతనితో మాట్లాడి, నాకు రావాల్సిన దాంట్లో పది వేలు అతని దగ్గరే వదిలాను. ట్రాన్స్‌ఫర్ స్లాట్ బుక్ చేసి ఇద్దరం కలిసి ఆర్టీఏకు వెళ్లిన రోజు ఇచ్చాడు. డబ్బు కొనేవాళ్ల దగ్గర ఉంటే వాళ్లకూ నమ్మకం, మనమూ ఆ రోజు తప్పకుండా వెళ్తాం. పేరు మారాక ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూసుకున్నాను.

ఇదంతా మీవల్ల కాదనిపిస్తే కన్సల్టెన్సీకి ఇవ్వడంలో తప్పేమీ లేదు. రేటు కొంత తగ్గుతుంది, అది వాళ్ల శ్రమకు, లాభానికి. కానీ ఆర్టీఏ నుంచి ఆథరైజేషన్ ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం అలాంటి డీలర్‌కు బండి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆర్టీఏకు ఆన్‌లైన్‌లో తెలియజేస్తారు. అక్కడి నుంచి ఆ బండి బాధ్యత డీలర్ మీదికి వెళ్తుంది. "అవన్నీ ఎందుకు సార్, మా మీద నమ్మకం లేదా" అంటే ఇంకో చోటికి వెళ్లండి.

బండి ఇచ్చిన రోజే ఫాస్టాగ్ క్లోజ్ చేయించండి, లేకపోతే వాళ్ల టోల్ మీ నాన్నగారి ఖాతాలోంచి కట్ అవుతుంది. పాత చలాన్లు ముందే కట్టేయండి. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), బండిది కాదు, మీ నాన్నగారిది. కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే 3 ఏళ్లలోపు ఆయన పేరు మీద కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. బ్రోకర్లు ఈ సంగతి ఎత్తరు.