ఉపగ్రహాలతో ఓజోన్‌ను కొలిచే చదువు వైపు అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్లతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలను చూసి వచ్చినప్పటి నుంచి, ఉపగ్రహాలతో ఓజోన్‌ను కొలిచే పరిశోధనే చేస్తానంటోంది. మేము ఎంసీఏ మేలనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ఈ రెండు దారుల మధ్య మీరనుకుంటున్నంత దూరం లేదండీ. ఉపగ్రహంలోని పరికరం ఓజోన్‌ను నేరుగా తూచదు. గాలి నుంచీ నేల నుంచీ వెనక్కి వచ్చే సూర్యకాంతిలో, ఓజోన్ బాగా పీల్చుకునే అతినీలలోహిత తరంగదైర్ఘ్యాన్ని, దాని పక్కనే అంతగా పీల్చుకోని మరో తరంగదైర్ఘ్యంతో పోల్చి చూస్తుంది. ఆ తేడా నుంచి, మేఘాలను, ధూళిని, సూర్యుడి కోణాన్ని లెక్కలోకి తీసుకుని ఓజోన్ పరిమాణాన్ని రాబట్టడమంతా భౌతికశాస్త్రం పునాదిగా సాగే గణితం, ప్రోగ్రామింగ్. ఫలితాన్ని డాబ్సన్ యూనిట్లలో చెబుతారు. 300 యూనిట్లంటే, మన తలపైనున్న ఓజోన్‌నంతా నేలమట్టపు పీడనానికి, సున్నా డిగ్రీల సెల్సియస్‌కు తెస్తే 3 మిల్లీమీటర్ల మందపు పొర అవుతుందని అర్థం.

పరికరాలు ఎంత సూక్ష్మమవుతున్నాయో చూడండి. 2004లో ఆరా ఉపగ్రహంతో వెళ్లిన ఓఎంఐ అనే ఓజోన్ పరికరం ఒక్కో కొలతకు 13 × 24 కిలోమీటర్ల మేర నేలను చూసేది. 2017లో సెంటినెల్-5పి ఉపగ్రహంతో వెళ్లిన ట్రోపోమి పరికరం 2019 నుంచి 5.5 × 3.5 కిలోమీటర్ల మేరనే విడిగా చూడగలుగుతోంది. సమాచారం ఇలా పెరిగేకొద్దీ దాన్ని అనుమానించి, పరీక్షించి చూసే మనుషుల అవసరమూ పెరుగుతుంది. అంటార్కిటికాపై ఓజోన్ విపరీతంగా పలచబడుతోందని 1985లో ముందుగా ప్రకటించినది నేలపై పరికరాలతో కొలిచిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు. నింబస్-7 ఉపగ్రహం కూడా ఆ తగ్గుదలను నమోదు చేసింది కానీ, 180 యూనిట్లకు తక్కువైన విలువలను సాఫ్ట్‌వేర్ అనుమానాస్పదమని గుర్తుపెట్టి పక్కన ఉంచింది. నేలపై కొలతలు లేకుండా ఉపగ్రహపు అంకెను గుడ్డిగా నమ్మలేమని నేను విద్యార్థులకు పట్టుబట్టి చెప్పేది ఇందుకే. గాదంకి వంటి ప్రయోగశాల మీ ఇంటికి ఇంత దగ్గరగా ఉండడం అమ్మాయికి నిజంగా అదృష్టం.

ఇబ్బందులూ దాచను. ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం, ఆ తర్వాత నెట్ లేదా గేట్ అర్హత పరీక్ష, ఆపైన పీహెచ్‌డీ అంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది. శాశ్వత ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి, మొదట్లో చేతికందేది ఫెలోషిప్పే. అయితే మధ్యలో మానుకున్నా, అప్పటికి నేర్చిన పైథాన్, గణాంకశాస్త్రం, భారీ సమాచారంతో పనిచేసే నైపుణ్యం వేరే ఉద్యోగానికి పనికొస్తాయి. అందుకే నేను ఎమ్మెస్సీ వైపే మొగ్గుతున్నాను.

ముందు ఒక పరీక్ష పెట్టుకోమనండి. ఓఎంఐ ఓజోన్ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. తిరుపతిపైనున్న ఓజోన్ విలువలను తీసుకుని, ఏడాదిలో అవి నెలనెలా ఎలా మారాయో తానే ప్రోగ్రాం రాసి గీయాలి. ఆ పనిలో మూడు నెలల తర్వాతా ఉత్సాహం తగ్గకపోతే ఆమెను ఆపకండి. ఈలోగా ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి పెట్టే జామ్ పరీక్ష దరఖాస్తు గడువు దాటిపోనివ్వకండి. ఆ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది కానీ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే తీసుకుంటారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కోసం ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి.